కార్డు మీద ఎవరి పేరు?

ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి ఈమధ్య తరచుగా వినిపిస్తున్న సలహా ఒకటుంది. కంపెనీ ఇచ్చే విజిటింగ్ కార్డు కోసం ఆగకండి, ఉద్యోగం రాకముందే మీ పేరుతో ఒకటి అచ్చు వేయించుకోండి అని. పేరు, వచ్చిన పని, ఫోన్ నంబరు, అంతే. పెళ్లిలో కలిసినవాళ్లకి, రైల్లో పక్క సీటులో కూర్చున్నవాళ్లకి, షాపు కౌంటర్ దగ్గర మాట కలిపినవాళ్లకి ఒక్కొక్కటి ఇవ్వండి. వంద పంచితే ఒక్కరైనా ఫోన్ చేయకపోతారా?

వినడానికి ఇది ఎక్కడో అమెరికా కార్పొరేట్ పాఠంలా ఉంటుంది. కానీ వికారాబాద్, తాండూరు వైపు మనుషులకి దీని సారం నూటయాభై ఏళ్లుగా తెలుసు. పేర్లే మారుతూ వచ్చాయి. ఒకప్పుడు సిఫారసు చిట్టీ. తర్వాత ముల్కీ సర్టిఫికెట్. ఆ తర్వాత ఎంప్లాయ్‌మెంట్ కార్డు. ఆ పైన బోనఫైడ్. ప్రతి తరం నిరుద్యోగి జేబులోనూ ఏదో ఒక కాగితం ఉంది, దాన్ని మడత నలగకుండా కాపాడుకుంటూ తిరిగారు. ఈ వ్యాసం ఆ కాగితాల గురించి. వాటన్నిటినీ ఒకే ప్రశ్న అడగొచ్చు: కాగితం మీద ఎవరి పేరు ఉంది? పని అడుగుతున్న మనిషిదా, ఆ మనిషిని పంపిన పెద్దమనిషిదా?

రైలు, చిట్టీ

1874 అక్టోబరులో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా రైలు నడవడం మొదలైంది. బొంబాయి నుంచి మద్రాసు వెళ్లే పెద్ద లైన్‌కి నిజాం రాజ్యాన్ని కలిపిన మార్గం అది. తాండూరు, వికారాబాద్ ఆ దారిలోనివే. వికారాబాద్‌కి ఆ పేరు పైగా నవాబు వికారుల్ ఉమ్రా నుంచి వచ్చిందంటారు. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించి, తర్వాత రాజ్యానికి ప్రధానమంత్రి కూడా అయిన మనిషి ఆయన.

ఆ రైలు రావడానికి ముందే హైదరాబాద్‌లో ఇంకో మార్పు నడుస్తోంది. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ పాలనంతా తిరగరాస్తున్నాడు. 1860ల్లో జిల్లాలు ఏర్పరిచాడు. రెవెన్యూకి, కోర్టులకి, పోలీసుకి వేరువేరు శాఖలు పెట్టాడు. శాఖలు పెడితే వాటిని నడిపే చదువుకున్నవాళ్లు కావాలి. రాజ్యంలో అలాంటివాళ్లు తక్కువని బయటి నుంచి పిలిపించాడు. ఉత్తరాది నుంచి, మద్రాసు నుంచి, బొంబాయి నుంచి వచ్చారు. పోటీ పరీక్ష లేదు, పేపర్లో ప్రకటన లేదు. ఎవరు ఎవరికి తెలుసు అన్నదే దారి. తర్వాత మొహ్సినుల్ ముల్క్‌గా పేరుపొందిన మెహదీ అలీ 1874లో హైదరాబాద్ సర్వీసులోకి వచ్చాడు. ఆయన అలీగఢ్ సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ సన్నిహితుల్లో ఒకడు. రైలూ ఆయనా ఒకే సంవత్సరం రావడం కాకతాళీయమే. కానీ ఆ తర్వాత ఆ పట్టాల మీదుగా ఎన్ని పరిచయ పత్రాలు ప్రయాణించి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట. ఇంగ్లీషువాళ్లు చిన్న కాగితాన్ని 'చిట్' అంటారు కదా, అది మన వైపు నుంచి పోయిందే. హిందుస్తానీ చిట్ఠీయే చిట్ అయింది. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఆ మాటకి ఉత్తరం అన్న అర్థంతో పాటు, పనివాళ్లకి యజమాని రాసిచ్చే యోగ్యతాపత్రం అన్న అర్థం కూడా ఉంది. బట్లర్లు, వంటవాళ్లు, ఆయాలు పాత దొరలు రాసిచ్చిన చిట్టీల కట్టను గుడ్డలో చుట్టి దాచుకునేవాళ్లు. కొత్త దొర ముందు ఆ కట్ట విప్పితేనే మాట మొదలయ్యేది. అందులో ఏముందో చాలామందికి చదవడం రాదు. తమ గురించి ఎవరో రాసిన మాటలు, తమకు రాని భాషలో, తమ కడుపు నింపాలి.

దొరల మధ్య ఇంకో రకం కాగితం నడిచేది. కొత్తగా ఊళ్లోకి వచ్చిన ఇంగ్లీషు అధికారి అప్పటికే అక్కడ ఉన్నవాళ్ల బంగళాలకి వెళ్లి, గేటు దగ్గర పెట్టెలో తన పేరు అచ్చేసిన కార్డు వేసి రావాలి. లోపలివాళ్లు ఇష్టమైతే పిలుస్తారు. దొర కార్డు మీద ఉన్నది దొర పేరే. బట్లర్ చేతిలోని చిట్టీ మీద ఉన్నదీ దొర పేరే. ఈ తేడాని మర్చిపోకూడదు. తన పేరు తానే చెప్పుకునే హక్కు మొదట్నుంచీ అందరికీ లేదు.

మరి తాండూరు కుర్రాడి సంగతేంటి? 1884లో పాలనాభాష ఫార్సీ నుంచి ఉర్దూకి మారింది. కచేరీలో గుమాస్తా పని కావాలంటే ముందు ఉర్దూ రావాలి, తర్వాత ఎవరో ఒకరు చెప్పాలి. ఉర్దూలో ఉమ్మీద్ అంటే ఆశ. ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నవాడిని ఉమ్మీద్‌వార్ అంటారు, అంటే ఆశ పెట్టుకున్నవాడు. అభ్యర్థి అనే మన మాటకన్నా అది నిజాయితీగా ఉంటుంది. చేతిలో చిట్టీ లేనివాడికి మిగిలేది ఆశే.

పుట్టిన ఊరే కార్డు

చిట్టీ రాజ్యం మీద వచ్చిన కోపం ముల్కీ అనే మాటగా మారింది. ముల్క్ అంటే దేశం, ముల్కీ అంటే దేశంవాడు, గైర్ ముల్కీ అంటే బయటివాడు. బయటి నుంచి వచ్చిన అధికారులు తమవాళ్లని పిలిపించుకుంటున్నారు, తమవాళ్లు ఇంకా తమవాళ్లని. ఈ గొలుసులో ఇక్కడ పుట్టినవాళ్లకి చోటెక్కడ? మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1919లో ఇచ్చిన ఫర్మానాతో దీనికొక నిర్దిష్టమైన నియమం వచ్చింది. రాజ్యంలో పుట్టినవాళ్లు ముల్కీలు. బయటి నుంచి వచ్చినవాళ్లయితే పదిహేనేళ్లు ఇక్కడే నివసించి, తిరిగి సొంత ప్రాంతానికి వెళ్లే ఆలోచన మానుకున్నామని ప్రమాణపత్రం ఇవ్వాలి. సర్కారీ కొలువుకి ముల్కీ అయి ఉండాలి.

ఒక్కసారి ఆలోచించండి, ఇదెంత పెద్ద మార్పో. సిఫారసు చిట్టీ అడిగేది నీకు ఎవరు తెలుసు అని. ముల్కీ సర్టిఫికెట్ అడిగేది నువ్వు ఎక్కడివాడివి అని. తెలిసిన పెద్దమనిషి లేని పల్లె కుర్రాడికి కూడా పుట్టిన ఊరంటూ ఒకటుంటుంది. ఆ ఊరే అతని పరిచయం అయింది.

కానీ సర్టిఫికెట్ దానంతటదే రాదు కదా. దాన్నొక అధికారి ఇవ్వాలి. ఆ అధికారి దగ్గరికి వెళ్లాలంటే మళ్లీ ఎవరో ఒకరు తెలిసుండాలి. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగి రాజ్యం ఇండియాలో కలిశాక పొరుగు రాష్ట్రాల నుంచి ఉద్యోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు. నకిలీ ముల్కీ సర్టిఫికెట్లు దొరుకుతున్నాయన్న ఆరోపణ ఊరూరా వినిపించింది. 1952లో వరంగల్‌లో మొదలైన విద్యార్థి ఆందోళన హైదరాబాద్‌కి చేరింది. సెప్టెంబరు మొదటి వారంలో సిటీ కాలేజీ ప్రాంతంలో పోలీసు కాల్పులు జరిగాయి, విద్యార్థులతో పాటు మామూలు జనం కూడా చనిపోయారు. విచారణ జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డికి అప్పగించారు. ఒక సర్టిఫికెట్ నిజమా అబద్ధమా అన్న గొడవకి ప్రాణాలు పోవడం ఇవాళ వింటే వింతగా ఉండొచ్చు. ఆ కాగితం వెనక ఒక్కో ఇంటి జీతం ఉందని గుర్తుపెట్టుకుంటే వింత ఏమీ ఉండదు.

ఇక్కడ వికారాబాద్ నేరుగా కథలోకి వస్తుంది. ఆ 1952 ఎన్నికల్లో వికారాబాద్ నుంచి గెలిచి బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో మంత్రి అయిన యువ డాక్టరు మర్రి చెన్నారెడ్డి. ముల్కీ ఆందోళన మీద కాల్పులు జరిగినప్పుడు ఆయన ప్రభుత్వంలో ఉన్నాడు. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం చేసిన నలుగురు తెలంగాణ నాయకుల్లో ఆయనొకడు. మరొకరు కొండా వెంకట రంగారెడ్డి, తర్వాత ఈ ప్రాంతం చేరిన జిల్లాకి పేరైన మనిషి. ఆ ఒప్పందంలో ఉద్యోగాలకి నివాస నిబంధన ఉంది. 1957లో పార్లమెంటు చేసిన చట్టంతో ఆ నిబంధన తెలంగాణలో కొన్ని ఉద్యోగాలకి కొనసాగింది. కాగితం మీద అంతా పద్ధతిగానే ఉంది. అమలులో జరిగింది వేరని 1969 చెప్పింది. ఆ ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఆ నివాస నిబంధనని కొట్టేసింది. అప్పటికే వీధుల్లో ఉన్న ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి, తెలంగాణ ప్రజా సమితికి నాయకుడై నిలబడింది ఇదే చెన్నారెడ్డి. ఆయన రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వాళ్లకి ఉంటుంది. కానీ 'మా పిల్లలకి నౌకరీలు ఏవి?' అన్న ప్రశ్న ఎంత పదునైనదో ఈ ఒక్క నాయకుడి ప్రయాణంలోనే కనిపిస్తుంది. 1952లో మంత్రిగా ఏ ప్రశ్నకి ఎదుటి వైపు నిలబడ్డాడో, 1969లో ఆ ప్రశ్ననే భుజాన వేసుకున్నాడు.

1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పిచ్చింది. దాని మీద జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. 1973లో ఆరు సూత్రాల పథకం, 371-డి అధికరణం వచ్చాయి, ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి. 1975 అక్టోబరు 18న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు జిల్లాలనీ జోన్లనీ లెక్కలోకి తెచ్చాయి. పదో తరగతి దాకా వరసగా ఎక్కడ చదివావన్నది ఇక్కడ లెక్క. అలా ముల్కీ సర్టిఫికెట్ పోయి స్కూలు బోనఫైడ్ వచ్చింది. మన తరంలో నాలుగు నుంచి పది దాకా బోనఫైడ్ల కోసం పాత బడుల చుట్టూ తిరగని ఉద్యోగార్థి ఉన్నాడా?

ఈ కథకి తాజా అధ్యాయం కూడా వికారాబాద్‌దే. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా అయింది. 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులతో తెలంగాణలో ఏడు జోన్లు వచ్చాయి. వికారాబాద్‌ని జోగులాంబ జోన్‌లో పెట్టారు. జనం ఒప్పుకోలేదు. మా రైలు హైదరాబాద్ పోతుంది, మా బస్సు హైదరాబాద్ పోతుంది, మా పిల్లలు చదివేది అక్కడ, మమ్మల్ని గద్వాల వైపు కలపడమేంటి అన్నారు. చివరికి 2021లో ఉత్తర్వులు సవరించి జిల్లాని చార్మినార్ జోన్‌లోకి మార్చారు. పైనుంచి చూస్తే ఇదొక పటం మీద గీత జరగడం. కింద నుంచి చూస్తే ఒక జిల్లా పిల్లలందరి కార్డుల మీద ఒక పదం మారడం.

నంబరున్న కార్డు

ముల్కీ గొడవ సర్కారీ కొలువులకి సంబంధించింది. ఇదే సమయంలో దేశమంతా ఇంకో కార్డు పుట్టింది. బ్రిటన్‌లో 1909లో చట్టం చేసి 1910 నుంచి లేబర్ ఎక్స్‌ఛేంజీలు తెరిచారు. పనివాడు ఫ్యాక్టరీ గేటు గేటుకీ తిరిగి అడుక్కోవడం అటు మనిషికీ ఇటు దేశానికీ నష్టమని విలియం బెవరిడ్జ్ వంటివాళ్లు వాదించారు. ఖాళీల జాబితా, మనుషుల జాబితా ఒకే బల్ల మీదికి వస్తే మధ్యవర్తి అక్కర్లేదన్నది ఆలోచన. మన దేశంలో 1945లో రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకి పని చూపడానికి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజీలు పెట్టారు. 1948కల్లా అందరికీ తెరిచారు. 1956 నవంబరు 1న, అంటే ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజునే, వాటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. 1959లో ఖాళీలని తప్పనిసరిగా తెలియజేయాలన్న చట్టం వచ్చి, 1960 మే నుంచి అమలయింది.

ఆఫీసులో పేరు నమోదు చేసుకుంటే రెండు కార్డులు తయారయ్యేవి. ఎక్స్-1 అనే కార్డు వాళ్ల డబ్బాలో ఉండిపోయేది. అందులో మీ చదువు, మీకు వచ్చిన పని, ఆ పనికి దేశమంతా ఒకే రకంగా ఇచ్చిన సంకేత సంఖ్య. ఎక్స్-10 అనే గుర్తింపు కార్డు మీ చేతికి వచ్చేది. దాని మీద మీ పేరు, నమోదు నంబరు, మళ్లీ ఎప్పుడు రెన్యువల్ చేయించుకోవాలో తేదీ. కార్డు మీద పెద్దమనిషి పేరు లేదు. ఎవరి తాలూకు అన్న గడి లేదు. వరసలో ముందు చేరినవాళ్లకి ముందు పిలుపు. చిట్టీకి ఎదురుగా ఒక రాజ్యం తయారు చేసిన అతి నిజాయితీ గల కాగితం అదేననిపిస్తుంది.

ఆ కార్డు కొన్ని తరాల జీవితాల్లో సీనియారిటీ అనే మాటకి కొత్త అర్థం ఇచ్చింది. ఉద్యోగంలో చేరకుండానే సీనియర్ కావడం! రెన్యువల్ తేదీ మర్చిపోతే ఆ సీనియారిటీ మొత్తం పోతుంది. కాల్ లెటర్ ఎప్పుడొస్తుందోనని పోస్టుమాన్ కోసం ఎదురుచూసిన ఇళ్లు ఎన్నో. 1981లో వచ్చిన 'ఆకలి రాజ్యం'లో చదువుకున్న నిరుద్యోగి కథానాయకుడయ్యాడంటే, ఆ ఎదురుచూపు అప్పటికి ఎంత మామూలైపోయిందో అర్థమవుతుంది.

ఎందుకు పనిచేయలేదు? చట్టంలోనే జవాబు ఉంది. ఖాళీ ఉందని యజమాని తెలియజేయాలి, అంతవరకే. ఎక్స్‌ఛేంజీ పంపినవాళ్లని తీసుకోవాలన్న నిర్బంధం లేదు. వ్యవసాయ పనులు, ఇళ్లలో పనులు అసలు చట్టం పరిధిలోనే లేవు. ప్రైవేటులో అయితే 25 మందికి తక్కువ పనిచేసే చోట్ల దీనితో సంబంధమే ఉండేది కాదు. అంటే తాండూరు చుట్టూ కంది చేలల్లో పనికీ, పది మందితో నడిచే చిన్న బండల షెడ్డుకీ ఈ కార్డు ఏమీ చెప్పదు.

మిగిలిన సర్కారీ ఉద్యోగాల్లో ఇంకో చిక్కు వచ్చింది. ఎక్స్‌ఛేంజీ పంపిన పేర్లలోంచే తీసుకుంటామంటే, జాబితాలో పేరు రానివాళ్ల గతేంటి? కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో 1996లో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. ఎక్స్‌ఛేంజీకి చెప్పండి, దాంతోపాటు పేపర్లలో ప్రకటన ఇవ్వండి, రేడియోలో టీవీలో చెప్పండి, అర్జీ పెట్టుకున్న అందరినీ చూడండి అంది. న్యాయమైన తీర్పు. కానీ దాంతో డబ్బాలో కార్డుకున్న విలువ తగ్గిపోయింది. మధ్యవర్తిని తీసేయడానికి పుట్టిన ఆఫీసు, కాలక్రమంలో తానే ఒక గేటులా కనిపించడం ఈ చరిత్రలోని చేదు.

మేస్త్రీ కార్డు అక్కర్లేని మనిషి

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా అక్షరం తెలిసినవాళ్ల కథ. అక్షరం రానివాళ్లు పని ఎలా వెతుక్కున్నారు? వాళ్ల కార్డు ఒక మనిషి. కోస్తా, ఉత్తరాంధ్ర రేవుల నుంచి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలకి మేస్త్రీ. మలయా రబ్బరు తోటలకి వెళ్లినవాళ్లకి కంగాణీ. కంగాణీ అంటే తోటలో పనిచేసే కూలీయే, యజమాని తరఫున లైసెన్సు పట్టుకుని సొంత ఊరికి వచ్చి, బావమరిదినీ పక్కింటివాడినీ వెంటబెట్టుకుని ఓడెక్కేవాడు. దారి ఖర్చు, అడ్వాన్సు అప్పుగా మెడకి చుట్టుకునేది. 1938లో ప్రభుత్వం ఆ వలసని ఆపేసింది.

మన వైపు దాని చుట్టం గుంపు మేస్త్రీ. పాలమూరు లేబర్ అనే పేరుతో దేశమంతా ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టిన కూలీలని ఊళ్లలోంచి తీసుకెళ్లింది గుంపు మేస్త్రీలే. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, ఇప్పుడు వికారాబాద్ జిల్లాలోకి వచ్చిన కొడంగల్ వైపు నుంచి బొంబాయి, పుణె పోయినవాళ్ల ఇళ్లు ఇప్పటికీ చాలా కనిపిస్తాయి. మేస్త్రీ తెలిసినవాడే, మనోడే. పని చూపిస్తాడు, కూలీలోంచి కోసుకుంటాడు. అడ్వాన్సు తీసుకున్న మనిషి మధ్యలో తిరిగి రాలేడు. పరిచయం పని ఇప్పిస్తుందన్నది నిజం. పరిచయం కట్టేస్తుందన్నది కూడా అంతే నిజం. నెట్‌వర్కింగ్ గురించి మాట్లాడేవాళ్లు ఈ రెండో ముక్క ఎందుకో ఎత్తరు.

కార్డు వెనక రాత

తాండూరులో ఇవాళ పని ఎక్కడుందో అందరికీ తెలుసు. నీలం, పసుపు రంగుల బండలు తీసే గనులు, వాటిని కోసి నున్నగా చేసే పాలిషింగ్ యూనిట్లు, కరన్‌కోట దగ్గర సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ, దాని చుట్టుపక్కల ప్రైవేటు సిమెంటు కంపెనీలు, లారీలు, 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కంది, దాని పప్పు మిల్లులు. వికారాబాద్ జంక్షన్ నుంచి పొద్దున్నే రైలెక్కి లింగంపల్లి, సికింద్రాబాద్ వైపు పనికి పోయేవాళ్లు వేరే. ఈ ఊళ్లలో విజిటింగ్ కార్డుకి కొదవలేదు. బండల షాపు, ట్రాన్స్‌పోర్టు, బోర్‌వెల్, పెళ్లిళ్ల వంటమేస్త్రీ, అందరికీ కార్డులున్నాయి. కానీ అవి అమ్మేవాళ్ల కార్డులు. పని అడిగే కుర్రాడి చేతిలో ఉండేది వేరే కార్డు: ఏ లీడరుదో, కాంట్రాక్టరుదో. ముందు వైపు ఆయన పేరు, హోదా, నాలుగు ఫోన్ నంబర్లు. వెనక పెన్నుతో 'మనోడే, చూడండి' అని ఒక ముక్క, కింద గీతలాంటి సంతకం. 1874 నాటి చిట్టీ బతికే ఉంది, సైజు తగ్గింది అంతే.

ఇందులో పోగొట్టుకునేదేంటి? మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్లో, కొత్తగా ఉద్యోగాలు మారినవాళ్లని అడిగాడు, ఈ ఉద్యోగం సంగతి మీకెలా తెలిసిందని. పరిచయాల ద్వారా తెలిసిందన్నవాళ్లని ఇంకో ప్రశ్న వేశాడు, ఆ మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తారని. తరచుగా కలుస్తామన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలుస్తామన్నవాళ్లు 55.6 శాతం. ఎప్పుడో గానీ కలవమన్నవాళ్లు 27.8 శాతం. 1973లో ఆయన రాసిన వ్యాసం దీనికి కారణం కూడా చెప్పింది. మన దగ్గరివాళ్లకి తెలిసిందే మనకీ తెలిసి ఉంటుంది. కొత్త కబురు దూరపు పరిచయం నుంచే వస్తుంది.

దీన్ని తాండూరుకి తెచ్చి చూడండి. గనిలో పనిచేసే ఇంటి కుర్రాడికి మేనమామ తెలిసింది గనే, బాబాయికి తెలిసింది గనే, పక్కింటాయనకి తెలిసింది గనే. మనోడు, మనోడు అనుకుంటూ ఎంత తిరిగినా ఆ గుంతలోనే తిరుగుతాడు. లారీ ఓనరు, రైల్లో రోజూ కనబడే ఆసుపత్రి టెక్నీషియన్, సిమెంటు ఫ్యాక్టరీకి యంత్రాలు బాగుచేయడానికి వచ్చిన పుణె ఫిట్టరు, కబురు ఉండేది వీళ్ల దగ్గర. వీళ్లెవరూ మనోళ్లు కారు. వీళ్ల దగ్గరికి పోవడానికే సొంత పేరుతో కార్డు కావాలి. లీడరు కార్డు అక్కడ చెల్లదు, ఆ లీడరెవరో వాళ్లకి తెలియదు.

అయితే సొంత పేరు కూడా అమాయకమైంది కాదు. మన దేశంలో పేరు చాలా చెప్పేస్తుంది. ఇంటిపేరు, చివరి తోక చూసి ఎదుటివాళ్లు లెక్క కట్టేస్తారు. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ పేపరు ప్రకటనల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగాలకి ఒకే అర్హతలున్న దరఖాస్తులు పంపించి, పేర్లు మాత్రం మార్చి చూశారు. 2007లో వాళ్లు ప్రచురించిన ఫలితం: అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకి పిలుపొచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకి మూడో వంతు. తాండూరులో ఇద్దరు కుర్రాళ్లు ఒకే ప్రింటింగ్ ప్రెస్సులో, ఒకే అట్ట మీద కార్డు అచ్చేయించుకున్నా ఇద్దరి చేతిలో ఉన్నది ఒకే కార్డు కాదు. అందుకే కార్డు పంచితే చాలు అనే సలహా సగం సలహానే.

ఆడపిల్లల విషయంలో ఈ సగం కూడా మిగలదు. ఫోన్ నంబరు ఉన్న కార్డు అపరిచితుడి చేతిలో పెట్టమని చెప్పడం తేలిక. ఆ నంబరుకి ఆ తర్వాత వచ్చే ఫోన్లు ఎవరు ఎత్తాలి? ఎక్స్‌ఛేంజీ ఆఫీసుకి ఇక్కడొక గొప్పతనం ఉండేదని ఇప్పుడు తెలుస్తుంది. ఆ డబ్బాలో అమ్మాయి కార్డు కూడా అబ్బాయి కార్డు పక్కనే, నంబరు వరసలో ఉండేది. అది చదివేది ఆఫీసు మాత్రమే.

కాబట్టి పాత కాగితాలన్నిటినీ చెత్తబుట్టలో వేసి కొత్త కార్డు పట్టుకుని బయల్దేరమంటే నేను ఒప్పుకోను. ముల్కీ సర్టిఫికెట్‌లో ఒక న్యాయం ఉంది: ఎవరూ తెలియని పిల్లకి కూడా ఊరంటూ ఒకటుంది. ఎక్స్-10 కార్డులో ఒక న్యాయం ఉంది: మనిషి తన పేరుతో, తనకొచ్చిన పనితో వరసలో నిలబడొచ్చు. సొంత విజిటింగ్ కార్డులో ఒక ధైర్యం ఉంది: పెద్దమనిషి గుమ్మం తొక్కకుండా నేరుగా అపరిచితుడిని అడగొచ్చు. ఒక్కో కాగితం ముందరి కాగితం చేసిన అన్యాయానికి జవాబుగానే పుట్టింది. పుట్టిన కొన్నాళ్లకి మళ్లీ 'మనోడేనా?' దగ్గరికే చేరింది. తప్పు కాగితంలో ఉంటే కొత్త కాగితంతో పోయేది.

నిరుద్యోగికి కార్డు ఎలా రాసుకోవాలో చెప్పేవాళ్లు బోలెడుమంది. పోక్లెయిన్ నడపడం వచ్చు, రాయి కోసే మిషను వచ్చు, టాలీలో లెక్కలు వచ్చు, రాత్రి షిఫ్టుకి సిద్ధం, ఇలా వచ్చిన పని స్పష్టంగా రాయండి అంటే మంచి సలహానే. కానీ కార్డు అందుకునే వైపు ఉన్నవాళ్లకి చెప్పేవాళ్లే లేరు. పాలిషింగ్ యూనిట్ ఓనరుకి, ఫ్యాక్టరీ హెచ్చార్‌కి, హైదరాబాద్ ఆఫీసులో మనుషుల్ని తీసుకునే మనలాంటివాళ్లకి. మన టేబుల్ మీదికి ఒక కార్డు వస్తుంది. చాలామందిమి ముందు చూసేది ఇంటిపేరు, తర్వాత ఊరు, ఆ తర్వాత వెనక్కి తిప్పి ఎవరు పంపారో రాసుందా అని. కుర్రాడికి ఏం పని వచ్చో రాసిన లైను అక్కడే, ముందు వైపే, మధ్యలో ఉంటుంది. నూటయాభై ఏళ్లుగా అతను మనల్ని చదవమంటున్నది ఆ ఒక్క లైనే.